అచ్చాయమ్మ వేలు

గోదావరి తన పాయలు ఎటు చీల్చుకోవాలో ఇంకా తేల్చుకోని కాలం. అప్పుడు ఒక లంకలో ఒక ఊరుండేది. ఆ ఊళ్లో అచ్చాయమ్మ అనే ఒంటరి ఆడమనిషి ఉండేది. ఆమెకు పొలం లేదు, పిల్లల్లేరు. కొక్కెం ఉన్న సూది ఒకటి, నూలు ఉండ ఒకటి, పని తెలిసిన చెయ్యి ఒకటి ఉన్నాయి. పొద్దస్తమానం గడపలో కూర్చుని లేసు అల్లేది.

ఆ ఊరి ఆడవాళ్లు పసిబిడ్డలకు మెత్తటి నూలుతో, రెండు పుల్లల మీద, ముందు గుండీ పెట్టే చొక్కాలు అల్లేవారు. అల్లిన చొక్కా సాగుతుంది. బిడ్డ ఒళ్లు చేసినా కాస్త చోటిస్తుంది. లేసు సాగదు. అందుకని చొక్కా మెడకు లేసు కుట్టేటప్పుడు వదులుగా కుట్టాలి. ఆ సంగతి అచ్చాయమ్మకు తెలుసు. తెలియక చేస్తే ఈ కథే లేదు.

ఊళ్లో సూరాయమ్మకు మనవరాలు పుట్టింది. కోడలు వరాలు అల్లిన చొక్కా పట్టుకుని సూరాయమ్మ వచ్చింది. "బారసాలకి మూడు లంకల చుట్టాలొస్తున్నారు. అందరి కళ్లూ ఈ మెడ మీదే ఉండాలి" అని చెప్పి వెళ్లింది.

అచ్చాయమ్మ మల్లెమొగ్గల లేసు అల్లింది. మొదటిసారి వదులుగా కుట్టింది. లేసు అలలు అలలుగా లేచింది. నచ్చక విప్పేసింది. రెండోసారి కొంచెం బిగించింది. ఒకచోట ముడత పడింది. విప్పేసింది. మూడోసారి దారం లాగి లాగి కుట్టింది. లేసు ముగ్గు పెట్టినట్టు పరుచుకుంది. బొటనవేలితో అంచు లాగి చూసింది. సాగలేదు. ఇది తప్పు అని చెయ్యి చెప్పింది. అచ్చాయమ్మ వినలేదు.

బారసాలలో అందరూ బిడ్డ మొహం కన్నా ముందు మెడ చూశారు. "చొక్కాకి లేసు కుట్టావా, లేసుకి పిల్లని కుట్టావా అచ్చాయమ్మా?" అని ఒకావిడ వేళాకోళమాడింది. అచ్చాయమ్మ మురిసిపోయింది.

బిడ్డ ఒళ్లు చేసింది. మెడ కింద మడతలు పడ్డాయి. అప్పుడు ఏడుపు మొదలైంది. పాలు పడితే ఏడుపు, ఉయ్యాల్లో వేస్తే ఏడుపు. చూడ్డానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారని సూరాయమ్మ ఆ చొక్కాయే ఉతికి ఆరేసి మళ్లీ తొడిగిస్తోంది. దిష్టి తీశారు. వాము నీళ్లు పట్టారు. మొలకు తాయెత్తు కట్టారు. బిడ్డ పాలు మానేసి వాడిపోతోంది.

రేవులో బట్టలుతుకుతుంటే అచ్చాయమ్మ చెవిన ఒక మాట పడింది. సూరాయమ్మ మనవరాలు ఒంటికి నీళ్లు పోస్తున్నంతసేపూ ఊరుకుంటోందట, చొక్కా తొడగ్గానే ఏడుపు అందుకుంటోందట. ఆమె చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. నీ కుట్టే అని చెయ్యి చెప్పింది. అచ్చాయమ్మ వినలేదు.

వినలేదు కానీ మనసు నిలవలేదు. మర్నాడు బయలుదేరింది. పేరు పోతుందని వీధి మలుపులో వెనక్కి తిరిగింది. ఆ మర్నాడు సూరాయమ్మ వాకిలి దాకా వెళ్లింది. లోపల చుట్టాలు లేసును పొగుడుతున్నారు. మళ్లీ తిరిగొచ్చేసింది. ఈ రెండు రోజులూ బిడ్డ మోసింది ఎవరి బరువు? అచ్చాయమ్మ పేరు బరువు.

మూడో రోజు ఏడుపు కూడా వినిపించలేదు. బిడ్డకు ఏడ్చే ఓపిక పోయింది. పద అని చెయ్యి చెప్పింది. ఈసారి అచ్చాయమ్మ వింది.

తిన్నగా సూరాయమ్మ ఇంట్లోకి వెళ్లి, బిడ్డను ఒళ్లోకి తీసుకుని లేసు కింద వేలు పెట్టబోయింది. దూరలేదు. కత్తెర అడిగింది.

"మతిపోయిందా నీకు?" అంది సూరాయమ్మ. "ఊరంతా కళ్లప్పగించి చూసిన లేసు."

"చూసింది ఊరు. తొడుక్కున్నది బిడ్డ, వదినా. సాగదని తెలిసే బిగించాను. నలుగురూ మెచ్చుకోవాలని."

వరాలే లేచి కత్తెర తెచ్చి ఇచ్చింది.

అచ్చాయమ్మ మెడ వెనక లేసు కోసింది. చుట్టూ ఊడదీసింది. కింద చర్మం మీద ఎర్రటి చార, ఆ చార పొడుగునా మల్లెమొగ్గలు అచ్చుపడి ఉన్నాయి. బిడ్డ పెద్దగా ఊపిరి వదిలింది. కాసేపటికి తల్లి రొమ్ము పట్టింది.

అచ్చాయమ్మను ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసిన పని కూడా కాదు. సూరాయమ్మ ఊరంతా చెప్పింది. ఆ ఏడు లేసు పనికి ఆ గడప తొక్కినవాళ్లు లేరు. అచ్చాయమ్మ వలలు బాగుచేసుకుంటూ గంజి తాగింది. ఎవర్నీ తిట్టుకోలేదు.

వరాలుకు మళ్లీ నెలలు నిండాయి. కొత్తగా అల్లిన చొక్కా తెచ్చి ఒళ్లో పెట్టింది.

"పిన్నీ, దీనికి లేసు కుట్టు."

"నా చేతికే ఇస్తున్నావా?"

"ఇంకో చేతికిస్తే, నీ చెయ్యి నేర్చుకున్నది అది కూడా నేర్చుకోవాలి కదా. అది నా బిడ్డ మీదే నేర్చుకుంటే?"

అచ్చాయమ్మ ఎడమచేతి చిటికెన వేలు లేసుకీ చొక్కాకీ మధ్య పెట్టి, వేలి మీదుగా కుట్టింది. మెడ వెనక వేలెడు సందు కుట్టకుండా వదిలేసింది. లేసు అలలు అలలుగా లేచింది. లేవనిచ్చింది. బతికినన్నాళ్లూ అలాగే కుట్టింది. పోయిన రోజున ఆ వేలి పక్కన సూదిపోట్లతో కాయ కాసి ఉండడం, స్నానం చేయించిన ఆడవాళ్లు చూశారు.

ఇప్పటికీ ఆ లంకల్లో పసిబిడ్డ చొక్కాకు లేసు కుట్టేవాళ్లు మధ్యలో చిటికెన వేలు పెట్టే కుడతారు. మెడ వెనక వేలెడు సందు వదులుతారు. కొత్త చొక్కా చేతికి రాగానే ఇంటి పెద్దావిడ పనితనం చూడదు. "అచ్చాయమ్మ వేలు పడుతుందా?" అని అడుగుతుంది. పట్టకపోతే, ఎంత అందంగా ఉన్నా విప్పాల్సిందే. అలిగినవాళ్లు ఇంతవరకు లేరు.

అచ్చాయమ్మ అల్లిన పువ్వులు ఎన్ని రకాలో ఎవరికీ గుర్తులేదు. వేలు మాత్రం గుర్తుంది.