చలికొండ మీద ఫ్యాన్లు

మన్యం కొండల దిగువన వరహాలరావు అనే కాఫీ వర్తకుడు ఉండేవాడు. చెయ్యి పెద్దదే గానీ, పేరు రాయించుకోకుండా గ్లాసుడు మజ్జిగ కూడా పోసేవాడు కాదు. ఊళ్లో బల్లలు, గోడ గడియారాలు, చలివేంద్రం కుండలు, అన్నిటి మీదా ఆయన పేరే.

ఆయన గింజలు కొనే నేరేడుపుట్టు కొండ మీద ఒక బడి ఉండేది. శీతాకాలం వస్తే పొగమంచు నేరుగా గదుల్లోకే వచ్చేసేది. పైన రేకుల కప్పు, కిటికీలకు తలుపుల్లేవు. ఆ బడికి వరహాలరావు ఏమిచ్చాడనుకున్నారు? ఫ్యాన్లు! ఒక్కో రెక్క మీదా ఎర్ర రంగుతో ఆయన పేరు.

"బాబూ, ఈ చలిలో ఫ్యాన్ ఎవరేస్తారండీ?" అంది హెడ్ టీచరు చిలకమ్మ.

"వెయ్యకపోతేనే మంచిది పంతులమ్మా! తిరిగితే పేరు కనబడదు" అన్నాడాయన.

పెద్దమనిషి తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ ఏడు చలికి పిల్లలు వరసగా జబ్బుపడ్డారు. బడి మూసేసి, వాళ్లని పట్నం హాస్టలుకు పంపాలని పైనుంచి మాట వచ్చింది. "అంత దూరం మా ఆడపిల్లల్ని పంపం. చదువు మానిపించేస్తాం" అన్నారు తల్లులు. ఆ కొండ మీద చదువుకుని టీచరైన మొదటి ఆడపిల్ల చిలకమ్మే. వెంటనే విద్యాశాఖ అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"బడి బాగుచెయ్యడానికి సగం ఖర్చు ప్రభుత్వం పెడుతుంది. మిగతా సగం పెట్టే వ్యాపారిని మీరు తెచ్చుకోండి. అప్పుడు మూసే పని ఉండదు" అన్నాడు అధికారి.

చిలకమ్మ వరహాలరావుని పొద్దున్నే బడికి పిలిచి, పిల్లల మధ్య కూర్చోబెట్టింది. "రేకుల కింద ఇంకో కప్పు, కిటికీలకు అద్దాలు, గోడల వెంట వేడినీళ్ల గొట్టాలు. సగం మీరు వెయ్యండి బాబూ."

"మరి నా పేరెక్కడ రాస్తారు?"

"గొట్టాల మీద రాయొచ్చండీ. కానీ వాటికి చెక్కలు కప్పేస్తారు. కనబడదు."

ఆయన మొహం ముడుచుకుంది. "కనబడనిదానికి నేనెందుకు పెట్టాలమ్మా?" అంటూ లేచాడు.

"వెళ్దురుగాని. మీ పేరు ఎలా రాయాలో మా పిల్లలకి బోర్డు మీద ఒక్కసారి చూపించండి" అంది చిలకమ్మ.

ఆయన పొంగిపోయి బోర్డు దగ్గరికి వెళ్లాడు. అంతసేపు ఆ గదిలో కూర్చోవడంతో వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. సుద్దముక్క పట్టుకుంటే జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. మొదటి అక్షరం వంకరపోయింది, రెండో అక్షరం దగ్గర సుద్ద విరిగింది. పిల్లలెవరూ నవ్వలేదు. ముందు బల్ల మీది పిల్ల లేచి, "చేతులు చంకల్లో పెట్టుకోండి సార్, కాసేపటికి వేళ్లు వంగుతాయి. మేం రోజూ అలాగే రాస్తాం" అంది.

వరహాలరావుకు సిగ్గు ముంచుకొచ్చింది. 'ఇంతమంది చలికి వణుకుతుంటే, వాళ్ల నెత్తిన గాలి వేలాడదీశానా!' అనుకుంటే కళ్లు చెమర్చాయి.

"సగం నాది పంతులమ్మా! పని మొదలెట్టించండి" అన్నాడు.

మరుసటి శీతాకాలానికి బడి సిద్ధమైంది. బయట మంచు కమ్మేసినా, లోపల పిల్లలు స్వెట్టర్లు విప్పి లెక్కలు చేశారు. బడి మూసే మాట మూలపడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా ఆడపిల్లలు వచ్చి చేరారు. ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాసినవాళ్లంతా పాసయ్యారు! కొండంతా డప్పులు మోగాయి. తల్లులు, పిల్లలు, చిలకమ్మ చేతులు కలిపి థింసా ఆడుతూ వరహాలరావుని కూడా వరసలోకి లాగేశారు. ఆయన అడుగులు ఎడాపెడా పడుతుంటే అందరూ ఒకటే నవ్వు. ఆయనా నవ్వాడు. ఆట ఆగగానే, ఒళ్లంతా చెమటతోనే, పక్క కొండ నుంచి వచ్చిన మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీ బడికేం కావాలి? ముందు అది చెప్పండి" అన్నాడు.

పుచ్చుకునేవాడికి ఏం కావాలో అడిగి తెలుసుకుని ఇచ్చేదే అసలైన దానం.