విగ్రహానికి చూపు పెట్టిన రోజు

ఒక రాజుకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. మునుపటిలా సంతలో తిరిగి తూకాలు చూసుకోవడం ఇక ఆయన వల్ల కాలేదు. సంతలో మోసం పుట్టిందంటే రాజ్యం చేజారినట్టేనని ఆయన భయం. అందుకని తన నిలువెత్తు విగ్రహం చెక్కించి, తన బదులు సంత నడిమధ్య నిలబెట్టించాడు.

మీసం కుదిరింది, తలపాగా కుదిరింది. కనుపాపలు మాత్రం లేవు. "ఎటు చూడమంటారో సెలవివ్వండి, చెక్కేస్తాను" అన్నాడు శిల్పి. రాణి అంతఃపురం వైపంది. మంత్రి ఖజానా వైపన్నాడు. రాజు ఎటూ తేల్చలేకపోయాడు. కళ్ళు నున్నగా అలాగే ఉండిపోయాయి.

ఆ నున్నటి కళ్ళు జనానికి కంట్లో నలుసైపోయాయి. పప్పులమ్మే ఆవిడకు విగ్రహం తన తక్కెడనే చూస్తున్నట్టుండేది. అటు చివర నూనె అమ్మేవాడికి తన కొలత గిన్నెనే చూస్తున్నట్టుండేది. "పాడు కళ్ళు! ఎటు చూస్తున్నాయో తెలిసి చావదు" అని తిట్టుకుంటూనే ఇద్దరూ నిండుగా కొలిచేవారు. పొరుగూళ్ళ వాళ్ళు పనిమాలా వచ్చి, గుడ్లప్పగించి నిలబడి, ఏమీ తేలక చిరాకుపడుతూ వెళ్ళేవారు. మరుసటి సంతకు మళ్ళీ వచ్చేవారు.

ఈ గోల రాజు చెవిన పడింది. తనను గుడ్డివాడంటున్నారనుకున్నాడు, పాపం. ఒళ్ళు మండిపోయింది.

"సూటిగా ముందుకు చూపు పెట్టు" అన్నాడు శిల్పితో.

"ఒకసారి పెడితే మళ్ళీ తిప్పలేను మహారాజా."

"తిప్పమని నేనడిగానా?"

ఉలి పని ఒక్క పూటలో అయిపోయింది. జనం హమ్మయ్య అనుకున్నారు. పప్పులావిడ అందరికంటే ముందు విగ్రహానికి దండం పెట్టి, గంప ఎత్తుకుని దాని వెనక్కి నడిచింది.

"ఏమ్మా, చోటు మార్చావు?" అన్నాడు నూనెవాడు.

"అక్కడ ఎండ మండిపోతోందన్నా."

అతను ఎండ వంక చూడలేదు. విగ్రహం వంక చూసి తన కడవ ఎత్తాడు.

కొన్నాళ్ళకు సంతంతా రాజు వీపు వెనక చేరింది. పాలు పలచబడ్డాయి, తక్కెళ్ళు ఒక పక్కకే మొగ్గాయి. కొనేవాళ్ళు గొణిగారు కానీ, చెల్లని కాసులు మార్చుకోవడానికి వాళ్ళకూ ఆ చోటే బాగుంది.

సంగతి తెలిసి రాజు పల్లకీ కూడా పిలవలేదు. అందరినీ ముందుకు ఈడ్చుకొస్తానని పళ్ళు నూరుకుంటూ, కర్ర ఊతంతో ఒక్కడే బయలుదేరాడు. వచ్చి చూస్తే ముందువైపు పురుగు కూడా లేదు. తలెత్తేసరికి విగ్రహం సూటిగా ఆయన్నే చూస్తోంది.

అది తన ముఖమే. అయినా ఆ చూపును ఓర్చుకోలేకపోయాడు. కరువు రోజుల్లో కోట కొట్టులో జనానికి గింజలు కొలిచిన కుంచం గుర్తొచ్చింది. కొలత తగ్గేలా దాని అడుగున తానే వేయించిన దొంగ చెక్క గుర్తొచ్చింది. కర్ర మీద వాలి నిలబడిపోయాడు. సిగ్గేసింది. అదీ కాసేపే.

తరవాత నెమ్మదిగా, కుంటుకుంటూ, విగ్రహం చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాడు. పప్పులావిడ ఆయన్ని చూసి కంగారుగా లేవబోయింది. వద్దని చెయ్యి ఊపాడు. ఆమె గంప పక్కకు జరిపి చోటిచ్చింది. రాజు కూర్చున్నాడు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు.