నలభై ఏడో నంబరు బిళ్ల

దస్తగిరికి ఆ రోజు పొద్దుటి నుంచీ కుదురు లేదు.

ఉరుసు కోసం దర్గా కమిటీ వాళ్లు కొత్తగా బ్యాడ్జీలు కుట్టించారు. ఆకుపచ్చ శాటిన్ గుడ్డ, చుట్టూ జరీ అంచు, నడుమ 'సేవకుడు' అన్న అక్షరాలు. గుమ్మం దగ్గర నిలబడేవాళ్లకు ఇచ్చారు, షర్బతు పంచేవాళ్లకు ఇచ్చారు, మైకు పట్టుకున్న పెద్దమనిషికైతే రెండు ఇచ్చారు. చెప్పులు కాచే దస్తగిరికి మాత్రం ఇవ్వలేదు. వెళ్లి అడిగితే, చెప్పుల దగ్గర కూర్చునేవాడికి బ్యాడ్జీ ఎందుకయ్యా అని నవ్వారు.

పదకొండేళ్లుగా అతను షా సాహెబును గురువుగా నమ్ముకుని అక్కడే ఉన్నాడు. ఈ చెప్పుల కాపలా ఆయన అప్పగించిన పనే. ఇన్నాళ్లూ అది చిన్నతనం అనిపించలేదు. ఇవాళ అనిపించింది, కడుపు మండిపోయింది. సాయంత్రం గంధం ఊరేగింపు కాగానే ఈ చోటు వదిలి వెళ్లిపోవాలని తీర్మానించుకున్నాడు.

అతని పని తేలికే. చెప్పులు తీసుకుని నంబరు వేసిన ఇత్తడి బిళ్ల ఇవ్వాలి. బిళ్ల తెచ్చినవాళ్లకు ఆ నంబరు అరలోని జత తీసివ్వాలి. కానీ మనసంతా గుమ్మం దగ్గరి బ్యాడ్జీల మీదే ఉంది. ఒక కొత్త పెళ్లికూతురి పూసల చెప్పులు బస్సు డ్రైవరు చేతిలో పెట్టాడు. ఇంకొకాయనకు రెండూ ఎడమ కాలివే ఇచ్చాడు. జనం తిట్టిపోశారు. దస్తగిరి లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, మళ్లీ లేస్తున్నాడు.

అంతలో షా సాహెబు వచ్చారు. ఆయన రొమ్ము మీద కమిటీ వాళ్లు పెట్టిన మఖమలు బ్యాడ్జీ అరచేయంత ఉంది. అది చూశాక దస్తగిరి ఇక ఆగలేకపోయాడు.

"బాబా, పదకొండేండ్లాయె. నిన్నమొన్న వచ్చినోళ్ల రొమ్ముల మీద గూడా బ్యాడ్జీలుండాయి. నేను మీ మనిషినని జనానికి తెలిసేదెట్ల?"

షా సాహెబు చెప్పులు విడిచి అతనికి అందించి, చెయ్యి చాపారు. ఆయన ఏనాడూ బిళ్ల అడిగిన మనిషి కాదు. దస్తగిరి తికమకపడుతూ నలభై ఏడో నంబరు బిళ్ల ఇచ్చాడు. ఆయన మఖమలు బ్యాడ్జీ ఊడదీసి జేబులో వేసుకున్నారు. దాని పిన్నీసునే ఆ ఇత్తడి బిళ్ల చిల్లులో దూర్చి రొమ్ముకు తగిలించుకున్నారు.

కమిటీ అధ్యక్షుడు పరుగున వచ్చాడు. లోపల పెద్ద పెద్దవాళ్లు ఎదురుచూస్తున్నారని, ఇదేం అవతారమని తల పట్టుకున్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు.

"నా చెప్పులు దస్తగిరి కాడ ఉండాయి," అన్నారు షా సాహెబు. "ఈ జనంలో నేను దోవ తప్పితే, ఎవురి కాడికి చేర్చాలో మీకు తెలియాల గదా."

ఆ మాట అని నిదానంగా జనంలోకి నడిచారు. వరుసలో ఎవరో నవ్వారు. దస్తగిరికి నవ్వు రాలేదు. మడమలు అరిగిన ఆ పాత చెప్పులను అరలో పెట్టబుద్ధి కాక, రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.