మొగ దాటించిందెవరు?

మా గురువుగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చూసుకుని తిరిగొచ్చేసరికి అడిగినవాడి ముఖం మారి ఉండేది, ఒక్కోసారి ప్రశ్నే మారి ఉండేది. ఆవిడ పేరు పేరిచర్ల సుభద్రమ్మ. పోర్టులో కంప్యూటర్ల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాక, కాకినాడ జగన్నాథపురంలో తన మేడమీది గదిలో మా నలుగురికి ప్రోగ్రాములు రాయడం నేర్పారు. బోర్డు లేదు, సర్టిఫికెట్ అసలే లేదు. అయినా "సుభద్రమ్మగారి దగ్గర నేర్చుకున్నాను" అని చెప్పుకోవడం మాకు మహా గొప్ప. నేనైతే ఇప్పటికీ ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటూ ఉంటాను.

మా నలుగురిలో చురుకైనవాడు చింతా హేమచంద్ర. ఆ సంవత్సరం వాడికి ఒక పెద్ద పని వచ్చింది. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. చేపల బోట్లు సముద్రంలోకి వెళ్ళాలంటే ఆ మొగ దాటాలి. అక్కడ నీటి అడుగున ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు మీద నీళ్ళు లేచాక దాటితే ఫరవాలేదు. తొందరపడితే బోటు మేటెక్కి, వెనక వచ్చే అలకి బోల్తా కొడుతుంది. అంతకుముందు ఏడాది అలాగే ఇద్దరు మనుషులు పోయారు. అందుకని బోట్ల సంఘం వాళ్ళు హేమచంద్రని పిలిచి, "ఇవాళ ఫలానా టైముకి మొగ దాటొచ్చు" అని రోజూ తెల్లవారుజామునే ఎనభై మంది సరంగులకి, అంటే బోటు నడిపేవాళ్ళకి, ఫోనులో మెసేజి వెళ్ళే ఏర్పాటు చెయ్యమన్నారు. వచ్చే సోమవారం నుంచి మొదలు. మెసేజి కింద పంపేవాళ్ళ పేరు కూడా ఉండాలన్నారు. పేరు లేని మాట పట్టుకుని సముద్రం మీదికి ఎవరు పోతారు?

మొగ లెక్క కట్టే ప్రోగ్రాం ఒకటి అప్పటికే ఉంది. పోర్టు సర్వేలో పనిచేసి కాలం చేసిన ఒకాయన పాతికేళ్ళ కిందట రాసింది. దానికి బొమ్మలు లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద దాని పేరు, పక్కన తేదీ టైపు చేస్తే టైము చెప్పి తన దారిన తాను పోతుంది. ఇలాంటి పాతకాపుల్ని ఇప్పటి స్క్రిప్టు భాషల్లోంచి సొంత ఫంక్షన్ని పిలిచినంత తేలిగ్గా పిలవొచ్చు. పేరు రాసి, బ్రాకెట్లో తేదీ పెడితే చాలు, ఎక్కడో బయట ఉన్న ముసలి ప్రోగ్రాం లేచొచ్చి జవాబు మన చేతిలో పెట్టి వెళ్తుంది. హేమచంద్ర దాన్ని ఒకదాన్ని, మెసేజీలు పంపే ప్రోగ్రాం ఇంకొకదాన్ని పిలిచి, మొత్తం పన్నెండు లైన్లలో పని పూర్తి చేశాడు. ఆ పన్నెండు లైన్లు చూసి మేమంతా ఉబ్బిపోయాం.

ఆ ఉబ్బు మీద నీళ్ళు చల్లినవాడు వాడి బావ. బెంగళూరులో పెద్ద ఉద్యోగం, శెలవులకి వచ్చాడు. స్క్రిప్టు కిందికీ పైకీ చూసి, "అసలు పనంతా ఆ పాత ప్రోగ్రాములు చేస్తున్నాయి కదోయ్! నువ్వు చేసింది పేరంటం పిలుపులేగా?" అన్నాడట. నవ్వుతూనే అన్నాడు. కానీ హేమచంద్రకి ఆ మాట గుచ్చుకుంది. రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మెసేజి కింద పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, గురువారం సాయంత్రం మేడమెక్కి వచ్చాడు.

"మేడం, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముని పిలిచి చేయించుకున్న పని నాదని ఎలా చెప్పుకోను? ఆ పాతదాన్ని తీసేసి మొత్తం నేనే మళ్ళీ రాస్తాను. సోమవారానికి కుదరదనుకోండి, నెలరోజులు ఆగమంటాను" అన్నాడు.

సుభద్రమ్మగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపు పొద్దున్నే దానయ్య బోటెక్కు. నేను చెప్పానను. మొగ దాటించిందెవరో చూసొచ్చి చెప్పు" అన్నారు, అంతే.

ఓలేటి దానయ్య అరవై ఏళ్ళ సరంగు. వెనకాల నిలబడి చుక్కాని పడతాడు. బోటు ముందు కొసన గెడ పట్టుకుని నిలబడి, నీటిలోకి పొడుస్తూ లోతు చూసేవాడు వీర్రాజు, దానయ్య సొంత బావమరిది. ఈ బావాబావమరుదులకి రెండేళ్ళుగా మాటల్లేవు. ఏదో పెళ్ళిలో మర్యాద తక్కువైందట. ఎవరికి తక్కువైందో ఇద్దరూ ఒప్పుకోరు. ఒడ్డున ఎదురుపడితే ఒకరు సముద్రం వైపు, ఒకరు ఊరి వైపు చూస్తారు. అయినా ఆ మొగలో అడుగు తెలిసినవాడు వీర్రాజు తర్వాతే ఎవరైనా, కాబట్టి దానయ్య బోటు ముందు కొసన వేరేవాడు నిలబడడు.

హేమచంద్ర శుక్రవారం ఆ బోటెక్కాడు. మొగ దగ్గర పడగానే దానయ్య "గెడా!" అని ఒక్క కేక వేశాడు. వీర్రాజు పలకలేదు. గెడ దింపాడు, ఎత్తాడు. దానయ్య బోటు పోనిచ్చాడు. కాసేపటికి మళ్ళీ "గెడా!" అన్నాడు. మళ్ళీ జవాబు లేదు. ఈ దెబ్బలాటలో మనందరం మునిగిపోయేలా ఉన్నామనిపించింది హేమచంద్రకి. దానయ్య దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, "ఆయన పలకడం లేదండీ! బోటు ఆపండి!" అన్నాడు.

దానయ్య పకపకా నవ్వాడు. "ఆడు పలకలేదంటే నీళ్ళున్నట్టే బాబూ. గెడ దిగుతుంది, లేత్తంది, సూత్తన్నారుగా. అంతా బాగుందని కేకెయ్యడానికి ఊపిరి దండగెందుకు?"

ఆ మాట పూర్తవుతుండగానే ముందునుంచి "మొలలోతు!" అని అరుపు వచ్చింది. దానయ్య ఎందుకని అడగలేదు, ఎక్కడని అడగలేదు. ఒళ్ళంతా చుక్కాని మీద వేసి బోటుని ఎడమకి కోశాడు. బోటు అడుగు ఇసుకని బర్రున రాసుకుంది. తర్వాత బోటు తేలింది, అల మీదికి ఎక్కింది, దాటేసింది.

అవతల నీళ్ళు నిలకడ పడ్డాక హేమచంద్ర తనను గురువుగారు పంపిన పని గుర్తు చేసుకుని, "మొగ దాటించిందెవరండీ?" అని దానయ్యని అడిగాడు. "నేనే. ఇంకెవరు?" అన్నాడు దానయ్య ఛాతీ విరుచుకుని. ముందుకి వెళ్ళి వీర్రాజుని అడిగాడు. "నేనేనండి. ఎనకాల నిలబడ్డోడికి ఏటి కనపడుద్ది?" అన్నాడు వీర్రాజు, అంతకంటే గొప్పగా. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు లేదు. హేమచంద్ర బుర్ర గోక్కుంటూ వెనక్కి వచ్చి, "ఆయనతో మీకు మాటల్లేవు కదా. మరి కేక వినపడగానే ఎలా తిప్పేశారు?" అన్నాడు.

"ఒడ్డున ఆడి మాట నేను ఇనక్కర్లేదు బాబూ. మొగలో ఇనకపోతే నేనేం సరంగుని?" అన్నాడు దానయ్య.

ఆ సాయంత్రం మేం గురువుగారి ముందు కూర్చుని ఉండగా హేమచంద్ర మేడమీది గదికి వచ్చాడు. జరిగిందంతా చెప్పి, గొంతు తగ్గించి, "నేనొక పని చేశాను" అన్నాడు. పది రోజుల కిందట సంఘం పెద్దలకి స్క్రిప్టు నడిపి చూపించినప్పుడు, టైముతో పాటు ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాల లైను ఒకటి తెరమీద పడిందట. "అదేటి బాబూ, ఎర్రగా?" అని ఒక పెద్దాయన అడిగాడట. వీడికి నామోషీ వేసింది. ఏ మాట పంపినా మింగేసి ఊరుకునే గొయ్యి ఒకటి ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. ఆ పాత ప్రోగ్రాం చేసే ఫిర్యాదులన్నీ అందులోకి పోయేలా ఏర్పాటు చేశాడు. పని సవ్యంగా జరిగితే అలాంటి ప్రోగ్రాములు పోతూ పోతూ సున్నా ఇచ్చిపోతాయి. వేరే అంకె ఇస్తే ఏదో తేడా ఉన్నట్టు. ఏ అంకె ఇచ్చినా పట్టించుకోవద్దని కూడా స్క్రిప్టులో రాసేశాడు. టైము వస్తోంది కదా, చాలనుకున్నాడు.

మా ముందే ఆ రెండు ముక్కలూ కొట్టేసి, సోమవారం తేదీ ఇచ్చి పాత ప్రోగ్రాముని పిలిచాడు. అది "అయిదూ నలభై" అని టైము చెప్పింది. దాని కిందే ఎర్రటి లైను పడింది. తెలుగులో చెప్పాలంటే దాని అర్థం ఇది: మేట కొలతలకి గడువు తీరి పద్నాలుగు రోజులైంది, ఈ టైముని నమ్మవద్దు. పోతూ పోతూ ఇచ్చిన అంకె మూడు. ఎప్పుడో పోయిన ఆ సర్వే ఆయన, తను లేని కాలంలో తన లెక్కని గుడ్డిగా నమ్ముతారేమోనని ముందే రాసిపెట్టుకున్న మాట అది. ఇన్నాళ్ళుగా అది పిలిచినప్పుడల్లా చెబుతూనే ఉంది. హేమచంద్ర గురువుగారి వైపు తిరిగాడు.

"మీకు తెలుసా మేడం?" అన్నాడు.

"నీ పన్నెండు లైన్లూ పోయిన వారమే చదివాను" అన్నారావిడ.

నాకు మండింది. గురువుగారని కూడా చూడకుండా, "వీడు గమనించకపోతే ఎనభై బోట్లు ఏమయ్యేవి మేడం?" అని అడిగేశాను. "ఆదివారం సాయంత్రం చెప్పేసేదాన్ని. అప్పుడది నా జవాబయ్యేది" అన్నారు చల్లగా.

శనివారమంతా హేమచంద్ర మొగలోనే ఉన్నాడు. దానయ్య బోటు నడిపాడు, వీర్రాజు గెడ వేసి మేట మేటంతా కొలిచాడు, వీడు రాసుకున్నాడు. తను చెప్పే లోతులు లెక్కలోకి ఎక్కి ఎనభై ఫోన్లకి పోతాయని తెలిశాక వీర్రాజు నడకే మారిపోయింది. "నా కొలతలా? అందరి ఫోన్లకా?" అని నాలుగుసార్లు అడిగి, నాలుగుసార్లూ బావకి వినపడేలా అడిగాడు. కొత్త కొలతలు ఇచ్చి ఆదివారం అదే తేదీతో పిలిస్తే పాత ప్రోగ్రాం ఒక్క టైము మాత్రం చెప్పింది. ఆరూ ఇరవై అయిదు. ఎర్ర లైను లేదు, అంకె సున్నా. అంటే ముందు చెప్పిన టైముకీ దీనికీ ముప్పావుగంట తేడా. ఇకమీదట సున్నా రాని రోజున టైము వెళ్ళకుండా, "ఇవాళ లెక్క కుదరలేదు, గెడ వేసి చూసుకుని దాటండి" అన్న మాట వెళ్ళేలా ఇంకో నాలుగు లైన్లు చేర్చాడు. పాతదాన్ని తీసేసి తనే మళ్ళీ రాస్తానన్న ఊసు ఎత్తలేదు. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంచాడు.

సోమవారం తెల్లవారేసరికి మేమంతా ఒడ్డున ఉన్నాం. గురువుగారు కూడా ఆటోలో వచ్చి, చేపల వేలం పాటలు పాడే షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎనభై బోట్లు ఇంజన్లు వేసుకుని వరసగా నిలబడ్డాయి. అయిదూ నలభై దాటింది. పోటు లేస్తోంది, నీళ్ళు చూడ్డానికి నిండుగానే ఉన్నాయి. సరంగులు విసుక్కోవడం మొదలుపెట్టారు. ఒక పెద్ద సరంగు బోటు మీద నిలబడి ఫోను ఊపుతూ, "ఎవడ్రా ఈ మెసేజి పెట్టింది? కింద పేరు కూడా లేదు! నీళ్ళు కళ్ళ ముందు లేత్తంటే ఇంకా ముప్పావుగంట కూకోమంటాడేటి?" అని ఒడ్డంతా అదిరేలా అరిచాడు. రెండు బోట్లు ముందుకి కదిలాయి.

హేమచంద్ర మొలలోతు నీళ్ళలోకి పరిగెత్తాడు. నేను వాడి వెనకే ఉన్నాను. పాత ప్రోగ్రాం అలా చెప్పిందండీ అంటాడనుకున్నాను, కొలతలు వీర్రాజువండీ అంటాడనుకున్నాను. రెండూ నిజాలే కదా. వాడు రెండు చేతులూ పైకెత్తి, "నేను పెట్టాను! చింతా హేమచంద్రని! ఆరూ ఇరవై అయిదు దాకా ఒక్క బోటు కదలకూడదు!" అని అరిచాడు. వాడికంత గొంతుందని మాకప్పటిదాకా తెలియదు. కదిలిన బోట్లు ఆగిపోయాయి. పెద్ద సరంగు వాణ్ణి ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, ఇంజను తగ్గించాడు. అదే సమయానికి, వరసలో అందరికంటే ముందు మేట అంచున ఆగిన దానయ్య బోటు కొసన గెడ వేసి చూస్తున్న వీర్రాజు అరుపు గాలి మీద వచ్చింది. "మొలలోతే! మొలలోతే!"

ఆరూ ఇరవై అయిదుకి దానయ్య బోటు మొదట దాటింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎనభయ్యో బోటు అల మీదికెక్కి అవతలికి దిగినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. అంత గర్వం నా సొంత పెళ్ళిలో కూడా నాకు కలగలేదు.

హేమచంద్ర తడిబట్టలతోనే షెడ్డులోకి వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. "మేడం, గురువారం నాడు నేనొకటి అడిగాను. మీరింకా జవాబు చెప్పలేదు" అన్నాడు.

సుభద్రమ్మగారు కుర్చీలోంచి లేచి, చీర కుచ్చిళ్ళకి అంటిన ఇసుక దులుపుకున్నారు.

"ఇందాక నీళ్ళలో నిలబడి ఎవరో గట్టిగా చెప్పారు కదా. నాకు ఇక్కడిదాకా వినపడింది."