బాతు పండక్కి కొర్రమ్మ కొట్టిన ఊ

ఊ కొట్టండి, కథ చెబుతాను. కానీ ఒక షరతు. అర్థమైతేనే ఊ కొట్టాలి. అర్థం కాకపోతే నన్ను ఆపి అడగాలి. ఎందుకంటారా? ముందు వినండి.

అనగనగా ఒక అడవి. పేరుకే అడవి గానీ, ఆ ఏడు ఎండలకి చెట్లన్నీ పుల్లల్లా మిగిలాయి. మృగశిర కార్తె వచ్చింది, వెళ్ళిపోతోంది కూడా. చినుకు మాత్రం రాలేదు. వాగు ఎండిపోయి, మలుపులో ఒక్క మడుగు మిగిలింది. పెద్దా చిన్నా అందరూ అక్కడే తాగాలి.

మడుగుకు ఎగువన పళ్ళెంలా చదునుగా ఉండే పెద్ద బండ ఉంది. బండ చుట్టూ ఎండిన గడ్డి. ఆ గడ్డిలో, ఒక తంగేడు పొద నీడన, కొర్రమ్మ అనే కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. కౌజుపిట్ట తెలుసు కదా? పిడికెడంత ఉంటుంది. చెట్టు మీద గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. పోయినసారి పెట్టిన గుడ్లన్నీ పాము మింగేసింది పాపం. అందుకే ఈసారి గుడ్లంటే దానికి ప్రాణం. నీళ్ళు తాగడానికి వెళ్ళినా పరుగున వెళ్ళి పరుగున వచ్చేది.

ఇక మడుగులో ఒక బాతు ఉండేది. అది ఈ అడవిది కాదు. ఎక్కడో ఉత్తరాన మంచు కురిసే దేశం దానిది. చలికాలంలో గుంపుతో వచ్చింది. ఎండలు ముదరగానే గుంపు తిరిగి వెళ్ళిపోయింది. దీని రెక్కకు దెబ్బ తగిలి ఎగరలేక ఇక్కడే ఉండిపోయింది. హేమంతంలో వచ్చింది కాబట్టి అందరూ దాన్ని హేమంతి అని పిలిచేవారు.

ఒక సాయంత్రం హేమంతి అందరినీ బండ దగ్గరికి పిలిచింది.

"కొద్ది రోజుల్లో ఏడాది మొత్తంలోకీ పెద్ద పగలు వస్తుంది. మా దేశంలో ఆ రోజు పండగ! సూర్యుడి పండగ!" అంది. "మా చెరువు ఒడ్డున మనుషులు నిలువు రాళ్ళ మధ్య గుండ్రంగా నిలబడతారు. తలకు పూలదండలు చుట్టుకుంటారు. పెద్ద మంట వేస్తారు. తేనె రొట్టెలు పంచుకుంటారు. తెల్లారేదాకా మేలుకుని సూర్యుడికి స్వాగతం చెబుతారు. ఈసారి మనమూ చేసుకుందామా?"

కొర్రమ్మ ఆలోచనలో పడింది. సూర్యుడికి పండగా? ఏ సూర్యుడికి? మడుగంతా తాగేస్తున్నాడే, ఆయనకేనా?

ఇంతలో హేమంతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ మర్నాటి నుంచి పొద్దు కాస్త కాస్త తగ్గిపోతుంది" అంటూ ముక్కు చీదింది.

కొర్రమ్మకు అంతా అయోమయమైపోయింది. పండగంది, పూలంది, రొట్టెలంది. ఇప్పుడేమో ఏడుస్తోంది. ఇది పెళ్ళా, పెద్దకర్మా? ఎండ తగ్గుతుందంటే ఎగిరి గంతెయ్యాలి గానీ ఏడవడమేంటి?

"అక్కా, నాకు..." అని మొదలుపెట్టింది.

పక్క కొమ్మ మీద గెంతన్న ఉన్నాడు. గెంతన్న అంటే కొండముచ్చు. ఎవరేం మొదలుపెట్టినా దానికి పెత్తనం తనదే అనుకునే రకం.

"ఏం కొర్రమ్మా, అర్థం కాలేదా?" అన్నాడు గెంతన్న. "ఇంత చిన్న విషయమా? ఇక్కడ అందరికీ అర్థమైంది! ఏమంటారు?"

అందరూ "ఊ" అన్నారు. అందరికంటే గట్టిగా ఎలుగుబంటి గుబురయ్య అన్నాడు. ముసలివాడు, పెద్దమనిషి. ఆయనకే అర్థమైతే తనకెందుకు కాలేదు? కొర్రమ్మకు సిగ్గేసింది.

"ఊ" అంది. అది మొదటి ఊ.

మర్నాడు హేమంతి పండగ ఎలా చెయ్యాలో నేర్పించింది. అందరినీ బండ మీద గుండ్రంగా నిలబెట్టింది.

"తూర్పుకు తిరిగి గాలిని పిలవాలి. దక్షిణానికి తిరిగి నిప్పును పిలవాలి. పడమరకు తిరిగి నీళ్ళను. ఉత్తరానికి తిరిగి నేలను. సరేనా? తిరగండి!"

తిరిగారమ్మా, తిరిగారు! గెంతన్న గిర్రున తిరిగి బండ మీంచి దొర్లిపడ్డాడు. పడమర నుంచి నీళ్ళు అనగానే గుబురయ్య "వాన అటునుంచే వస్తుంది, ఆ మాట నిజమే!" అని అక్కడే ఆగిపోయాడు, ఇంక తిరగనన్నాడు. కొర్రమ్మ ఎటు తిరిగినా గుబురయ్య పొట్టే కనిపించింది.

'నేల మన కాళ్ళ కిందే ఉంది కదా, దాన్ని ఉత్తరం నుంచి పిలవడమేంటి?' అనుకుంది కొర్రమ్మ. అడగాలని చుట్టూ చూసింది. ఒక్కొక్కరి మొహం ఎంత గంభీరంగా ఉందో! అడిగితే పండగ పాడుచేసిందంటారేమో. అందరితో పాటు తనూ తిరిగింది.

ఆ మధ్యాహ్నం గెంతన్న తంగేడు పొద దగ్గరికి వచ్చాడు. ఆ ఎండల్లో అడవి మొత్తానికి పూలున్న పొద అదొక్కటే.

"కొర్రమ్మా, పండక్కి పూలు కావాలి. కోసుకోమంటావా?"

'ఎండ తగ్గాలంటే ఎండకి పూలెందుకు?' అనుకుంది కొర్రమ్మ. కానీ నాలుగు పూలే కదా అని, "ఊ" అంది. అది రెండో ఊ.

గెంతన్న ఈల వేశాడు. కొండముచ్చుల గుంపంతా దిగింది. పూలతో ఆగారా? రెమ్మలు కూడా విరిచి పట్టుకుపోయారు. కళ్ళు మూసి తెరిచేలోగా పొద కాస్తా నాలుగు కట్టెపుల్లలయింది. నీడ పోయింది. గుడ్లు ఎండలో పడ్డాయి.

ఇక ఆ రోజు నుంచి కొర్రమ్మ అవస్థ చూడాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గుడ్ల మీద రెక్కలు పరుచుకుని నిలబడింది. మడుగు కనిపిస్తూనే ఉంది, వెళ్ళి గుక్కెడు నీళ్ళు తాగే వీలు లేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. 'అడగకుండా ఊ అన్నాను, అనుభవిస్తున్నాను' అని కుమిలిపోయింది.

అప్పటికైనా బుద్ధి వచ్చిందా? వస్తే కథేముంది!

పండగ ముందు రోజు గెంతన్న ఎండుపుల్లలు మోసుకొచ్చి గూటి ముందే పోగుపెట్టడం మొదలుపెట్టాడు. పోగు గుబురయ్య భుజాలంత ఎత్తయింది.

"మంట ఇక్కడే వేస్తున్నాం. బండ పక్కన చూడముచ్చటగా ఉంటుంది. ఏమంటావు?" అన్నాడు.

కొర్రమ్మ ఎండుగడ్డి వైపు చూసింది. మంటా? ఈ గడ్డిలోనా? కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంతమంది ఉన్నారు, ఎవరికీ తోచలేదా? అంత దూరం నుంచి వచ్చిన బాతుకు తెలియదా? ఆ దేశపు పండగ మంటకి గడ్డి అంటుకోదేమో! తనకే ఏమీ తెలియదేమో! పైగా ఎండకీ దాహానికీ బుర్ర పనిచెయ్యడం లేదు.

"ఊ" అనేసింది. అది మూడో ఊ.

పొద్దు వాలుతోంది. అందరూ తలకు తంగేడు పూలు చుట్టుకుని బండ మీద గుండ్రంగా నిలబడ్డారు. గుబురయ్యకు దండ చాలక ఒక చెవికే తగిలించుకున్నాడు. హేమంతి కళ్ళు మెరిసిపోతున్నాయి. కొండ కింద తేనె పట్టేవాళ్ళు పొగ పెట్టి వదిలేసిన నిప్పుందని, గెంతన్న అక్కడికి వెళ్ళాడు. పగిలిన కుండపెంకులో నిప్పు కణికలు వేసుకుని, దాన్ని ఎత్తి పట్టుకుని, పెళ్ళికొడుకులా నడిచి వస్తున్నాడు.

వేడిగాలి వీచింది. ఎండుగడ్డి గలగలలాడింది.

అప్పుడు కొర్రమ్మ పొట్ట కింద ఒక గుడ్డు కదిలింది. లోపలి నుంచి "కిచ్" మని సన్నటి గొంతు వినిపించింది.

ఇక కొర్రమ్మ ఆగలేకపోయింది. అందరూ నవ్వితే నవ్వనీ అనుకుంది. ఒక్క ఎగురు ఎగిరి పుల్లల పోగు మీద వాలింది.

"ఆగండి! నాకు అర్థం కాలేదు! మొదటి నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు! ఈ మంట ఎందుకు?" అని అరిచింది.

పిడికెడు పిట్ట అంత గట్టిగా అరవగలదని ఎవరూ అనుకోలేదు. అందరూ తిరిగి చూశారు.

"పొద్దు గుంకుతుంటే ఇప్పుడా అడిగేది? నువ్వే కదా ఊ అన్నావు!" అని గెంతన్న కసిరాడు.

"అన్నాను. తప్పయిపోయింది. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు. ఎందుకు?"

గెంతన్న హేమంతి వైపు చూశాడు. అలా నిలబడి ఉండగానే గాలి మళ్ళీ రివ్వుమంది. పెంకులోంచి ఒక నిప్పురవ్వ లేచి గూటి పక్కన గడ్డిలో పడింది. గడ్డి భగ్గుమంది!

"నా పిల్లలు!" అంది కొర్రమ్మ.

గుబురయ్య అటే చూస్తున్నాడు కాబట్టి సరిపోయింది. బండ మీంచి ఒక్క దూకు దూకి, ఆ మంట మీద దభీమని కూర్చున్నాడు.

"అమ్మో! అబ్బో! చచ్చాన్రో!" అని కేకలు పెట్టాడు గానీ, మంట ఆరేదాకా లేవలేదు. లేచి చూస్తే, చాపంత మేర నల్లగా మాడిపోయింది. కొర్రమ్మ గూడు దానికి జానెడు దూరంలో ఉంది. ఒక్క రవ్వకే అంత కాలితే, ఆ పోగంతా అంటుకుని ఉంటే? గెంతన్న భయంతో పరుగెత్తి, పెంకును మడుగులో ముంచాడు. నిప్పు చుయ్యిమని ఆరింది.

కొర్రమ్మ గుడ్లన్నీ ముక్కుతో తడిమి చూసుకుంది. తర్వాత హేమంతి వైపు తిరిగింది.

"చెప్పక్కా. మంట ఎందుకు వేస్తారు?"

హేమంతి తల దించుకుంది. "నాకూ తెలీదు కొర్రమ్మా."

"ఆఁ?" అన్నారు అందరూ.

"నేను నీళ్ళలోంచి చూశాను, అంతే. మా దేశంలో గడ్డి ఎప్పుడూ తడిగా ఉంటుంది. నిప్పు పాకుతుందని నాకు తోచనే లేదు. ఆ మనుషులకైనా పూర్తిగా తెలుసో లేదో! వాళ్ళ తాతల తాతలు ఎప్పుడో వదిలేసిన పండగట అది. 'ఎలా చేసేవారో ఎవరికీ సరిగ్గా తెలీదు, దొరికినంత ఏరుకుని, మిగతాది మన మనసుకు తోచినట్టు చేసుకుందాం' అని వాళ్ళ పెద్దావిడ అంటుంటే విన్నాను."

కొర్రమ్మ గుబురయ్య వైపు తిరిగింది. "మరి నీకు అర్థమైందన్నావు కదా తాతా?"

గుబురయ్య కాలిన చోట తడుముకున్నాడు. "తేనె అంది కదమ్మా. అది మాత్రం అర్థమైంది. దానికే ఊ కొట్టాను."

"నువ్వు, గెంతన్నా?"

"అందరికీ అర్థమైందనుకున్నాను" అని గొణిగాడు గెంతన్న.

అంటే అందరూ తనలాగే తికమకపడ్డారన్నమాట! తెలిసినవాడు ఒక్కడూ లేడు. కొర్రమ్మకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు రావాలో దానికే తెలియలేదు.

"ఇంకొక్కటి అడుగుతాను అక్కా. పొద్దు తగ్గితే నీకు ఏడుపెందుకు?"

హేమంతి చెప్పింది. "మా దగ్గర సూర్యుడు చుట్టం లాంటివాడు. వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోతాడు. వెళ్ళాక అంతా చీకటి, మంచు. అందుకే ఉన్నప్పుడే పండగ. ఈ రోజు మా వాళ్ళంతా అక్కడ చెరువులో ఉంటారు. ఇక్కడా పండగ చేసుకుంటే, నేనూ వాళ్ళ దగ్గరే ఉన్నట్టు ఉంటుందని..." అంటూ రెక్కలో మొహం దాచుకుంది.

"అయ్యో తల్లీ, ఈ మాట మొదటే చెప్పకూడదూ!" అంది కొర్రమ్మ. "మీ వాళ్ళ మీద బెంగ అంటే అర్థం కాదా నాకు? పండగ మానొద్దు. మంట మానుదాం. గుండ్రంగా నిలబడదాం, పూలు ఎలాగూ కోశారు, తేనె తాత తెస్తాడు. ఏం తాతా?"

గుబురయ్య కుంటుకుంటూ వెళ్ళి తేనెపట్టు తెచ్చాడు. గెంతన్న పుల్లల పోగు తీసేసి, వాటితోనే గూటి మీద చిన్న పందిరి వేశాడు. ఎవరూ చెప్పకుండానే వేశాడు.

తెల్లవారింది. అందరూ తూర్పుకు తిరిగారు. ఈసారి ఎవరూ దొర్లిపడలేదు. ఎర్రగా సూర్యుడు వచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఉన్నావు, దండం తండ్రీ! అప్పుడే వెళ్ళిపోకు!" అంది హేమంతి.

"రేపటి నుంచి తగ్గుతున్నావట, దండం తండ్రీ! కాస్త తొందరగా తగ్గు!" అన్నారు మిగతా అందరూ.

హేమంతి వెనక్కి తిరిగి చూసింది. ముందు నివ్వెరపోయింది. తర్వాత పకపకా నవ్వింది. ఆ బాతు నవ్వగా చూడడం అడవికి అదే మొదలు. పాపం సూర్యుడు ఎవరి మాట వినాలో తెలియక అక్కడే కాసేపు తచ్చాడాడేమో, నాకు తెలియదు.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. పడమర నుంచే వచ్చిందని గుబురయ్య ఒకటే గొప్పలు. కొర్రమ్మ పిల్లలు తడి నేల మీద గునగునా నడిచాయి. ఎర్రటి ఆరుద్ర పురుగు ఒకటి పాకుతూ పోతే దాని వెనకాలే పోయాయి. గెంతన్న కొమ్మ మీంచి వాటికి పండగ సంగతంతా కథలా చెప్పాడు. తను భయపడిన ముక్క మాత్రం దాటేశాడు.

"అర్థమైందా?" అన్నాడు చివర్లో.

"ఊ" అన్నాయి పిల్లలన్నీ. ఒక్క పిల్ల మాత్రం అనలేదు. అందరికంటే ముందు గుడ్డులోంచి కిచ్‌మన్నదే, అది.

"అమ్మా, నాకు అర్థం కాలేదు. బాతు పెద్దమ్మ ఏడుస్తూ ఎందుకు పండగ చేసుకుంది?" అంది.

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వాయి. కొర్రమ్మ మాత్రం ఆ పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"నాకూ ఇంకా పూర్తిగా అర్థం కాలేదమ్మా. పద, వెళ్ళి అడుగుదాం" అంది. అందరూ కలిసి మడుగు వైపు నడిచారు.

కథ అయింది. ఇక మీ వంతు, అడగండి.

నీతి: అర్థం కానప్పుడు అడిగితే సిగ్గు కాసేపే ఉంటుంది, అడగకుండా ఊ కొడితే మన గూటి దాకా నిప్పు వస్తుంది.