బీరతీగ పట్టు నేర్చుకున్న సంగతి

ఒకప్పుడు తీగలకు తాకిడి తెలిసేది కాదు. కొమ్మ తగిలినా, కంచె తగిలినా వాటికి ఒకటే. మబ్బులకేసి చూస్తూ, కలలు కంటూ నేలమీదే పాకిపోయేవి.

కొండవాలున అసిరమ్మ పెరట్లో ఒక బీరతీగ ఉండేది. ఏటా పచ్చగా పూసేది. వాన రాగానే పిందెలన్నీ బురదలో కుళ్ళిపోయేవి. ఆ ఏడు ఒకే ఒక్క పిందె మిగిలింది. బీరతీగ దాన్ని ఆకు చాటున దాచుకుంది.

"మబ్బన్నా, ఈసారికి పక్కగా పోవా?" అని అడిగింది.

"నా చేతిలో ఏముందమ్మా? గాలి ఎటు తోస్తే అటే. ఎల్లుండి ఇక్కడికే వస్తున్నాను," అన్నాడు మబ్బు.

అసిరమ్మకు చూపు లేదు. రోజూ పొద్దున్నే కంచె తడుముకుంటూ వచ్చి పాదులకు నీళ్ళు పోసేది. ఆవేళ ఆమె వేళ్ళకు పిందె తగిలింది.

"ఇక్కడ దాచావా తల్లీ దీన్ని?" అంది.

"చూడకుండానే ఎలా కనిపెట్టావమ్మా?"

"నా వేళ్ళు చెబుతాయి."

"నా వేళ్ళన్నీ మట్టిలో ఉన్నాయే," అంది బీరతీగ దిగులుగా.

అసిరమ్మ నవ్వింది. "అయితే పైన కూడా నాలుగు తెచ్చుకో."

తీగ కొసను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. బీరతీగకు లోపలెక్కడో జలదరించింది. తనకూ ఒళ్ళుందని దానికి అప్పుడే తెలిసింది.

మర్నాటికి ఆకు పక్కనుంచి దారంలాంటి నులితీగ ఒకటి బయటికొచ్చింది. అసిరమ్మ దాన్ని కంచెపుల్లకు ఆనించింది.

"తగిలింది," అంది బీరతీగ మెల్లగా. "ఇప్పుడేం చెయ్యను?"

"తగిలిన వైపు నిదానించు. అవతలి వైపు తొందరగా పెరుగు. నీ అంతట నువ్వే వంగుతావు."

బీరతీగ కళ్ళు మూసుకుంది. ఒక వైపు ఆగింది, ఒక వైపు సాగింది. నిద్రలో పసిబిడ్డ అమ్మ వేలు పట్టుకున్నట్టు పుల్లను చుట్టుకుంది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. పిందెతో సహా కంచెమీదికి లేచింది.

మూడోనాడు మధ్యాహ్నం వాన వచ్చింది. "వదులు," అంటూ గాలి లాగింది. బీరతీగ ఊగింది, సాగింది, వదల్లేదు.

వాన వెలిశాక అసిరమ్మ వచ్చి నేలంతా తడిమింది. బురద తప్ప ఏమీ తగల్లేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పైన ఉన్నామమ్మా," అంది బీరతీగ.

అసిరమ్మ చెయ్యెత్తింది. వేలంత పిందె, చల్లగా, తడిగా అరచేతిలోకి ఒదిగింది.

ఆ సంగతి పక్క పాదులో కాకర విన్నది, దోస విన్నది, పొట్ల విన్నది.

అప్పటినుంచే ఆ తీగలన్నీ, పుల్ల కాస్త తగిలితే చాలు, ఆ వైపు నిదానించి, అవతలి వైపు పెరిగి, వంగి చుట్టుకుంటాయి. ఎంత గాలి లాగినా పట్టు వదలవు.