గరుకు ముత్యం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఖడ్గవర్మ, నడిపివాడు గదావర్మ, చిన్నవాడు మణివర్మ. పేర్లలోనే తెలిసిపోయిందిగా, ఎవడేం పట్టుకు తిరిగేవాడో! పెద్దవాళ్ళిద్దరికీ పొద్దు పొడిస్తే కత్తిసాము, గదసాము. చిన్నవాడు మాత్రం అమ్మ కొంగు పట్టుకుని నగల పెట్టె దగ్గర చేరేవాడు.

వాళ్ళమ్మ హేమాంగీదేవి. మహారాణి అయితేనేం, తన నగలు తానే శుభ్రం చేసుకునేది. శుక్రవారం తలంటు కాగానే మిగిలిన కుంకుడు రసంలో గోరువెచ్చటి నీళ్ళు కలిపి, బంగారు నగలు అందులో వేసేది. మెత్తటి కుంచెతో సందులన్నీ తోమి, మంచినీళ్ళలో జాడించి, పాత చీర పేలికతో అద్ది, నీడన ఆరబెట్టేది. రాళ్ళు పొదిగిన నగల్ని మాత్రం నీళ్ళలో ముంచనిచ్చేది కాదు, రాయి కిందకి తేమ చేరితే వెలుగు చచ్చిపోతుందని. ఇక ముత్యాలకైతే తడిగుడ్డ తప్ప మరేదీ తగలకూడదు. పక్కన కూర్చుని పేలిక అందించడం మణివర్మ పని.

అయిదేళ్ళప్పుడు ఆ పిల్లాడొక ఘనకార్యం చేశాడు. వంటింట్లో దాసి చింతపండుతో తోముతుంటే ఇత్తడి బిందె బంగారంలా మెరవడం చూశాడు. అమ్మ బులాకీ ముత్యం కూడా అలా మెరిస్తే అమ్మ మురిసిపోతుందనుకున్నాడు. ఎవరూ చూడకుండా దాన్ని తెచ్చి చింతపండు పులుసులో వేశాడు. తీసి చూసేసరికి ఏముంది, ముత్యం ఒక చెంప పాలిపోయి గరుకెక్కింది. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మ తిట్టలేదు. ఒళ్ళోకి తీసుకుని, "ముత్యానికి పులుపు పడదు నాన్నా. అది మెత్తటి కడుపులో పుట్టింది, మెత్తగానే చూసుకోవాలి" అంది. రాజు కొత్త ముత్యం తెప్పిస్తానన్నా వద్దంది. ఆ గరుకు ముత్యమే రోజూ ముక్కుకి పెట్టుకుని, అడిగినవాళ్ళందరికీ మా చిన్నాడు తోమిపెట్టాడని చెప్పుకునేది.

అలా ఉండగా ఒకనాడు పట్టపగలు ఒక పెద్ద గద్ద వచ్చి, తోటలో ఉన్న రాణిని తన్నుకుపోయింది. అది గద్ద కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే తామ్రకేశుడనే మాంత్రికుడు. వాడికి మనుషుల్ని నగలుగా మార్చి దాచుకునే పిచ్చి. మగవాళ్ళని బంగారు కడియాలు చేస్తాడు, కన్యల్ని రాళ్ళ నగలు చేస్తాడు, తల్లుల్ని ముత్యాలు చేస్తాడు.

ఖడ్గవర్మ కత్తి తీసుకుని వెళ్ళాడు, రాలేదు. గదావర్మ గద తీసుకుని వెళ్ళాడు, వాడూ రాలేదు. నేను వెళతానని మణివర్మ అంటే, కత్తి పట్టడం కూడా రానివాడివి నువ్వేం చేస్తావురా అని రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా మణివర్మ ఆగలేదు. అమ్మ కుంచె, అమ్మ పాత చీర పేలికలు, ఇన్ని కుంకుడుకాయలు, దారిలో చారుకి ఇంత చింతపండు మూట కట్టుకుని బయల్దేరాడు. నవ్వకండి మరి, ఆ మూటతోనే ఉంది కథంతా.

సముద్రపొడ్డున ఒక ముసలి తాబేలు మూలుగుతోంది. దాని డిప్పంతా గుల్లలు కరుచుకుని ఉన్నాయి. మణివర్మ ఒక్కొక్కటే నానబెట్టి, నొప్పి తెలియకుండా ఊడదీశాడు. తాబేలు ఆ చల్లటి వీపు మీదే అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది. అవతలి ఒడ్డున చీమలబారు ఒకటి నీటి కాలవలో చిక్కుకుంటే, కుంచె అడ్డంపెట్టి వంతెన వేశాడు. మాంత్రికుడి వసారాలో ఒక చిలుక పంజరంలో ఉంది. దాని మెడకి బంగారు తీగతో ఒక ముత్యం బిగించి ఉంది, తీగ ఒరుసుకుని మెడంతా పుండయింది. మణివర్మ పేలిక చీల్చి, నీళ్ళలో తడిపి, తీగ కింద దూర్చాడు.

"మాంత్రికుడి ప్రాణం నాలో ఉందనుకుని నా గొంతు పిసకడానికి వచ్చినవాళ్ళే అందరూ" అంది చిలుక. "నొప్పిగా ఉందా అని చూసినవాడివి నువ్వొక్కడివే. వాడి ప్రాణం నాలో లేదు బాబూ, ఈ ముత్యంలో ఉంది. కానీ పొరపాటున కూడా ముట్టుకోకు. వాడి చెయ్యి తప్ప ఏ చెయ్యి తగిలినా ఆ మనిషి రాయైపోతాడు."

అంతలో తామ్రకేశుడు వచ్చాడు. వాడికి చాలాకాలంగా ఒక దిగులు. లోపలి మనుషులు ఏడ్చి ఏడ్చి నగలన్నీ మసిబారిపోయాయి. మణివర్మ మూట చూసి వాడొక పందెం పెట్టాడు. మూడు రోజుల్లో మూడు గదుల నగలూ తళతళలాడించాలి. ఆ తర్వాత ముత్యాల్లోంచి ఒక్కటి ఏరుకోవచ్చు. అది అమ్మ కాకపోతే మణివర్మ కూడా కడియమైపోతాడు. అన్నలిద్దరూ అలా అయినవాళ్ళే. ఒకడు అన్నిటికంటే పెద్ద ముత్యం ఏరాడట, ఇంకొకడు అన్నిటికంటే తెల్లటిది.

మొదటి రోజు బంగారం గది. మణివర్మ నగలు ఆరబెట్టడానికి ముందు ఇత్తడి పళ్ళేలు చింతపండుతో తోమి, మిగిలిన పులుసు పక్కన పెట్టాడు; అవి బంగారంలా మెరవడం తామ్రకేశుడు చూశాడు. తర్వాత కుంకుడు రసంలో కడియాలు కడిగాడు. రెండు కడియాలు మాత్రం కుంచె తగిలినప్పుడల్లా గిలిగింత పెట్టినట్టు మెలికలు తిరిగాయి. అవెవరో మీకు తెలుసు, అతనికి తెలియదు.

రెండో రోజు రాళ్ళ గది. నీళ్ళలో ముంచకూడదు, కుంచె సందుల్లో దూరదు. ఏం చెయ్యాలా అని కూర్చుంటే చీమలబారు వచ్చింది. రాయి రాయి చుట్టూ తిరిగి మురికిని రేణువు రేణువుగా మోసుకుపోయింది. మణివర్మ పొడిగుడ్డతో తుడిచేసరికి ఒక కెంపు మరీ ఎర్రగా సిగ్గుపడింది.

మూడో రోజు ముత్యాల గది. మూడు వందల ముత్యాలు! అన్నీ గుండ్రమే, అన్నీ తెలుపే. వీటిలో అమ్మ ఏది? తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తూ పోయాడు. రెండు వందల తొంభై తొమ్మిదీ గుడ్డ కింద నున్నగా జారిపోయాయి. అడుగున, మూలకి విసిరేసి ఉన్న ఆఖరు ముత్యం దగ్గర గుడ్డ ఆగింది. బొటనవేలికి గరుకు తగిలింది. ఒక చెంప పాలిపోయి ఉంది. అయిదేళ్ళ వయసులో తను చేసిన తప్పు అది, అమ్మ ముక్కున ఉండే గుర్తు. మణివర్మ దాన్ని గుండెకి అదుముకుని, అమ్మా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తామ్రకేశుడు ఆ ముత్యాన్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు. వాడు దాన్ని పుచ్చు ముత్యమనుకుని మూలకి పారేశాడు మరి. మా అమ్మని మనిషిని చెయ్యమని మణివర్మ అడిగితే వికవికా నవ్వి, ఏరుకోమన్నాను గానీ మనిషిని చేస్తానన్నానా, నా ప్రాణమున్నంతకాలం అది ముత్యమేనన్నాడు.

అలా అన్నాడే గానీ వాడి చూపు చిలుక మెడ మీదకి పోయింది. గదినిండా ముత్యాలు వెన్నెల్లా ఉన్నాయి, తన ప్రాణముత్యం మాత్రం మసిగుడ్డలా ఉంది. వాడికి కడుపు మండింది.

"వీటినెలా మెరిపించావురా? నిజం చెప్పు."

"తడిగుడ్డతో తుడిచానయ్యా, అంతే."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అడిగితే మణివర్మ, "పులుపు మాత్రం తగలనివ్వకు, ముత్యం చస్తుంది" అని కూడా చెప్పాడు.

దొంగకి అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. పనితనం ఎవడైనా చెబుతాడా, వీడు అసలు గుట్టు దాస్తున్నాడు, వద్దన్నదే మందన్నమాట, ఇత్తడి పళ్ళేల్ని బంగారం చేసిన పులుసు అదిగో అక్కడే ఉంది, అనుకున్నాడు తామ్రకేశుడు. తన చేత్తోనే చిలుక మెడలోంచి ముత్యం తీశాడు. తన చేత్తోనే చింతపండు పులుసులో వేశాడు. ముత్యం పొర ఊడింది, వాడి బలం పోయింది. ఇంకో పొర ఊడింది, వాడి మాట పోయింది. ఆఖరి పొర కరిగేసరికి వాడున్నచోట ఎర్రమట్టి మిగిలింది.

చిలుక పంజరం తలుపు తెరుచుకుంది. కడియాలు మగవాళ్ళయ్యాయి, అన్నలిద్దరూ చంకలు గోక్కుంటూ లేచారు. రాళ్ళు కన్యలయ్యాయి. ముత్యాలు తల్లులయ్యాయి. మణివర్మ గుప్పిట్లోంచి అమ్మ లేచి నిలబడి, ముందుగా వాడి చేతులు తిప్పి చూసి, నానిపోయాయి కదరా తండ్రీ అంది. అప్పుడొక చక్కటి పిల్ల దగ్గరికి వచ్చింది. పేరు కురువింద, ఒక రాజు కూతురు, ఆ సిగ్గుపడ్డ కెంపే. తనని నీళ్ళలో ముంచకుండా తుడిచినవాడినే పెళ్ళాడతానంది. మణివర్మ అమ్మ మొహం చూశాడు. అమ్మ నవ్వింది.

తాబేలు విడతలు విడతలుగా అందరినీ ఇవతలి ఒడ్డుకి చేర్చింది. పెళ్ళి అయిదు రోజులు జరిగింది. తాబేలుకి మెత్తటి పీట వేశారు, చీమలకి బెల్లం గుట్ట పోశారు, చిలుక ఏ కొమ్మ కావాలంటే ఆ కొమ్మ మీద వాలింది. రాజు ఆనందం పట్టలేక బుట్టెడు ముత్యాలు తెప్పించి, రాణీ, ఇప్పుడైనా ఆ పాతది మార్చుకో అన్నాడు. హేమాంగీదేవి బుట్టవైపు చూడనైనా లేదు. ముక్కున ఉన్న గరుకు ముత్యం తీసి కొత్త కోడలికి పెట్టింది.

దీన్ని ఎలా శుభ్రం చేసుకోవాలత్తయ్యా అని కురువింద అడిగింది.

"తడిగుడ్డతో తుడుచుకో, చాలు. ఆ గరుకు మాత్రం పోగొట్టకమ్మా. నా బిడ్డ నన్ను పోల్చుకున్నది దానితోనే."

మణివర్మ, కురువింద నూరేళ్ళు రాజ్యం చేశారు. ఏ శుక్రవారమూ నగల పెట్టె దాసీల చేతికివ్వలేదు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తామే తుడుచుకునేవాళ్ళు. కథ భరిణెలోకి, మీరు పక్కల్లోకి.